అడ్మిషన్ డే మర్నాడు కూడా ఇంటికి పంపకపోవడం సర్జరీ శిక్షణలో భాగమేనా?

కాలువగట్టు_పీజీ
నేను జనరల్ సర్జరీలో రెండవ సంవత్సరం పీజీని. మా ఊరు ఆచంట పక్కన. గత బుధవారం రాత్రి డ్యూటీ ముగించుకొని బండి మీద ఇంటికి వెళ్తూ కాలువ గట్టు రోడ్డు మీద నిద్రలోకి జారిపోయాను. ముందు చక్రం గట్టు అంచున మట్టిలోకి దిగి, అక్కడున్న తుమ్మ మోడుకు తగిలి బండి ఆగిపోయింది. దాళ్వా నాట్లకు వదిలిన నీళ్లతో కాలువ అంచుల దాకా నిండి ఉంది. ఆ మోడు లేకపోతే ఏమయ్యేదో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

మంగళవారం మా యూనిట్‌కు అడ్మిషన్ డే, అంటే ఆ రోజు వచ్చే కొత్త రోగులందరినీ మేమే చేర్చుకోవాలి. ఆ రోజు ఉదయం ఏడింటికి వార్డులో అడుగుపెట్టినవాడిని బుధవారం రాత్రి ఎనిమిదింటికి బయటపడ్డాను. మొత్తం 37 గంటలు. మిగిలిన రోజుల్లో పదమూడు, పద్నాలుగు గంటల చొప్పున, ఆదివారం రౌండ్ల కోసం వచ్చే ఐదు గంటలతో కలిపి ఆ వారం లెక్క 95 గంటలకు తేలింది. ఆదివారం అడ్మిషన్ వంతు మాకు పడిన వారం అది 110 దాటుతుంది.

నిజానికి నన్ను గంటల సంఖ్య కంటే ఎక్కువగా బాధించినది వేరొకటి ఉంది. ఆ 37 గంటలు ఎలా గడిచాయో జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాను. థియేటర్‌లో చేతులు కడుక్కొని నిలబడినది ఐదు గంటలు; అందులో నా చేతితో చేసినవి ఒక అపెండిక్స్, ఒక చీముగడ్డ కోత. క్యాజువాల్టీ, రౌండ్లు, డ్రెస్సింగులు కలిపి పద్నాలుగు గంటలు. నిద్ర గంటన్నర, తిండీ స్నానం మరో గంటన్నర. మిగిలిన పదిహేను గంటలూ రక్తం శాంపిల్స్ ల్యాబ్‌కు మోయడానికి, బ్లడ్ బ్యాంక్ కిటికీ దగ్గర నిలబడడానికి, స్కాన్ గది బయట ట్రాలీ పట్టుకొని ఎదురుచూడడానికి, ఆరోగ్య పథకం ఫొటోలూ కాగితాలూ ఎక్కించడానికి, డిశ్చార్జి సమ్మరీలు రాయడానికి పోయాయి.

కష్టపడడానికి నేను వెనుకాడను, సర్జరీని కోరి తీసుకున్నాను. ఈ పదిహేను గంటలు నన్ను సర్జన్‌గా తీర్చిదిద్దుతున్నాయా అన్నదే నా ప్రశ్న. అనుభవజ్ఞులు చెప్పగలరు.

కుట్టు_ముడి
నేను మూడవ సంవత్సరంలో ఉన్నాను, వేరే కాలేజీ. మీ లెక్క చదువుతుంటే నా రోజే కళ్ల ముందు కనబడింది. మా దగ్గర థీసిస్ పని ఎప్పుడు చేస్తారని అడిగితే ‘పోస్ట్ డ్యూటీ రాత్రి’, అంటే అడ్మిషన్ డే మర్నాటి రాత్రి, అనే జవాబు వస్తుంది.

పాత_థియేటర్_మాస్టారు
నేను 1984లో ఎం.ఎస్.లో చేరాను, సర్వీసు అంతా ఈ గోదావరి జిల్లాల్లోనే చేసి విశ్రాంతి తీసుకున్నాను. కాలువగట్టు_పీజీ ప్రాణంతో బయటపడినందుకు ముందుగా దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను.

కొబ్బరి దింపు తీసే మనిషి ఒకరు చెట్టు మీద నుంచి పడి ఒకనాటి సాయంత్రం వచ్చారు. పొట్ట మెత్తగా ఉంది, నాడి 88. అప్పట్లో మాకు సి.టి. స్కాన్ లేదు. రాత్రి రెండింటికి మళ్లీ చేయి వేసి చూస్తే ఎడమ పక్క డొక్క కొద్దిగా బిగిసింది, నాడి 120కి పెరిగింది. ప్లీహం చిట్లి రక్తం కారుతోందని తెలుసుకొని తెల్లవారేలోగా తీసేశాం, మనిషి బతికాడు. సాయంత్రం తాకిన చేయే రాత్రి మళ్లీ తాకింది కాబట్టి ఆ మార్పు తెలిసింది. ఇలాంటి పట్టు పుస్తకంలో దొరకదు, గంటకొక డాక్టరు మారే వార్డులో అసలే దొరకదు. రోగిని మొదట చూసినవాడే ఒడ్డుకు చేర్చాలన్న పద్ధతి పోతే సర్జరీ ఏమవుతుందోనని నా భయం.

మత్తు_వైద్యుడు
మాస్టారూ, మీరు చెప్పిన కేసు గొప్పది, అందులో ఒక్క మాట కూడా నేను కాదనను. కాకపోతే ఆ రాత్రి రెండింటికి మీరు మేల్కొని దాదాపు 20 గంటలు అయి ఉంటుంది. ఈ అబ్బాయి అడుగుతున్నది 20వ గంట గురించి కాదు, మర్నాడు మధ్యాహ్నం వచ్చే 31వ గంట గురించి. ఆ సమయంలో అతను చూసేది రాత్రి తాకిన పొట్టలను కాదు. ముందే తేదీ వేసిన హెర్నియా కేసుకు రిట్రాక్టర్ (కోతను తెరిచి పట్టే పరికరం) పట్టుకొని నిలబడుతున్నాడు, లేకపోతే కాగితాలు రాస్తున్నాడు.

నేను మత్తు ఇచ్చేవాడిని కాబట్టి తెరకు ఇవతల నిలబడి సర్జన్ల కళ్లను రోజూ చూస్తాను. రిట్రాక్టర్ పట్టుకొని నిలబడే నిద్రపోయిన పీజీలను ఎందరినో చూశాను. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో 17 గంటలు నిద్ర లేకుండా ఉన్నవారి చేతి నేర్పు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోయిందని, 24 గంటలకు అది సుమారు 0.10 శాతానికి సమానమైందని తేలింది. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. అమెరికాలో కొత్తగా చేరిన డాక్టర్ల మీద 2005లో వచ్చిన అధ్యయనంలో, 24 గంటలు దాటిన డ్యూటీ తర్వాత ఇంటికి వెళ్లే దారిలో ప్రమాదానికి గురయ్యే అవకాశం రెట్టింపును మించిందని చూపించారు. మీ తుమ్మ మోడు కథ కొత్తది కాదు బాబూ.

కోనసీమ_తల్లి
నేను డాక్టరును కాను, మా అమ్మాయి సర్జరీ పీజీ. ఫోన్ చేస్తే ‘అమ్మా, తర్వాత చేస్తాను’ అంటుంది, ఆ తర్వాత అన్నది రెండు రోజులకు వస్తుంది. మొన్న ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చొని అన్నం కలుపుతూనే నిద్రపోయింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంచి, ఆ ముద్ద చేతిలో ఉండగానే పక్కకు వాల్చి పడుకోబెట్టాను. బాబూ, నువ్వు మాత్రం జరిగినది మీ అమ్మగారికి చెప్పు. మాకు తెలియకపోతేనే ఎక్కువ భయంగా ఉంటుంది.

రూల్స్_చదివినవాడు
చట్టపరంగా ఏముందో చెప్పడం అవసరమనిపించింది. పీజీ డాక్టర్ల పనికి 1992లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన రెసిడెన్సీ పథకంలోనే రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు సాధారణంగా మించకూడదని, వారంలో ఒక రోజు సెలవు ఉండాలని రాశారు. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో ‘సహేతుకమైన పనిగంటలు’, రోజులో ‘సహేతుకమైన విశ్రాంతి’ అన్నారు. ఏడాదికి 20 రోజుల సాధారణ సెలవు, 5 రోజుల అకడమిక్ సెలవు, పని అవసరాలకు లోబడి వారానికొక సెలవు ఉన్నాయి. 2024లో అదే కమిషన్ వేసిన కార్యదళం వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన నివేదికలో వారానికి 74 గంటలు మించవద్దని, రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలని సిఫార్సు చేసింది.

కుట్టు_ముడి
‘సహేతుకం’ అంటే ఎంత? 1992లో 48 అని అంకె వేసి, ముప్పై ఏళ్ల తర్వాత ఆ అంకె తీసేసి విశేషణం పెట్టారు. అంకె ఉంటే కనీసం చూపించి అడగవచ్చు. 74 అన్నది సిఫార్సు మాత్రమే, మా విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గారి బల్ల దాకా అది రాలేదు.

రూల్స్_చదివినవాడు
అందుకు ఒప్పుకుంటాను. ‘పని అవసరాలకు లోబడి’ అన్న మూడు మాటలే వారపు సెలవును మింగేస్తున్నాయి.

టేమ్స్_నుంచి_గోదారికి
బ్రిటన్‌లో ఎనిమిదేళ్లు సర్జరీలో పనిచేసి, రెండేళ్ల క్రితం రాజమండ్రి తిరిగి వచ్చాను. రెండు పక్కలా చూసినదే చెబుతాను. అక్కడ యూరప్ నిబంధన ప్రకారం 2009 ఆగస్టు నుంచి శిక్షణలో ఉన్న డాక్టర్లకు వారానికి సగటున 48 గంటల హద్దు పూర్తిగా అమలయింది. ఇంటికి వెళ్లి పిల్లలతో భోజనం చేయగలిగాను, అది నిజం. మరోవైపు, చేతికి వచ్చే కేసులు తగ్గిపోతున్నాయని సర్జన్ల సంఘాలే గట్టిగా అభ్యంతరం చెప్పాయి. నేను కూడా సెలవు రోజున వెళ్లి థియేటర్‌లో నిలబడిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి మాస్టారి భయాన్ని కొట్టిపారేయలేను.

అమెరికా దారి వేరు. 1984లో న్యూయార్క్‌లో 18 ఏళ్ల యువతి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలకే చనిపోవడంతో, నిద్ర లేని డాక్టర్ల చేతిలో రోగులను పెట్టడం గురించి పెద్ద చర్చ లేచింది. 1989లో ఆ రాష్ట్రం, 2003లో దేశమంతా వారానికి 80 గంటల హద్దు పెట్టాయి. ఆ తర్వాత 117 సర్జరీ శిక్షణ కేంద్రాల్లో ఒక పెద్ద పరీక్ష జరిగింది. ఒక వర్గానికి ఒక్కో డ్యూటీ ఎంతసేపన్న హద్దును సడలించారు, రెండో వర్గానికి ఉన్న హద్దులే ఉంచారు. రోగుల ఫలితాల్లో తేడా రాలేదని 2016లో ప్రకటించారు. ఈ ఫలితాన్ని పట్టుకొని ‘చూశారా, ఎక్కువసేపు ఉంచినా నష్టం లేదు’ అనేవారు మన దగ్గర ఉన్నారు. వారు చెప్పని సంగతి ఏమిటంటే, ఆ రెండు వర్గాలకూ వారానికి 80 గంటల హద్దు అలాగే ఉంది. 95 గంటలు ఎవరికీ పెట్టి చూడలేదు. పైగా సడలించిన వర్గంలోని డాక్టర్లు తమ సొంత జీవితం మీద దెబ్బ ఎక్కువ పడిందని చెప్పారు.

పాత_థియేటర్_మాస్టారు
117 కేంద్రాల సంగతి సగమే తెలుసు నాకు, 80 గంటల మాట ఎవరూ చెప్పలేదు. తెలియజేసినందుకు సంతోషం.

నైట్_సిస్టర్
నేను సర్జరీ వార్డులో నర్సును, పద్దెనిమిదేళ్ల సర్వీసు. మేము మూడు షిఫ్టులలో పనిచేస్తాం. షిఫ్టు మారేటప్పుడు ప్రతి మంచం దగ్గరా నిలబడి, డ్రెయిన్‌లో ఎంత వచ్చింది, మూత్రం ఎంత, ఏ ఇంజెక్షన్ బాకీ ఉంది అన్నీ అప్పగించుకుంటాం. మనిషి మారితే రోగి చెడిపోతాడనే మాట మాకు వర్తించడం లేదు కదా, డాక్టర్లకు ఎందుకు వర్తిస్తుందో నాకు అర్థం కాదు.

ఒకసారి తెల్లవారుజామున నాలుగింటికి ఒక పీజీ డాక్టర్ గారు ఫోన్‌లో పొటాషియం మోతాదు చెప్పారు. ఆ అంకె వినగానే ‘సర్, ఒక్కసారి లేచి ముఖం కడుక్కొని మళ్లీ చెప్పండి’ అన్నాను. ఆయన రెండు నిమిషాలకు వార్డుకే వచ్చి, కేస్ షీట్ చూసి, మోతాదు సరిచేసి, చాలాసేపు కుర్చీలో తల పట్టుకొని కూర్చున్నారు. చాలా మంచి డాక్టర్. అప్పటికి ఆయన కంటినిండా నిద్రపోయి ఎన్ని గంటలయిందో నేను అడగలేదు.

మత్తు_వైద్యుడు
సిస్టర్ గారు చెప్పిన అప్పగింతే ఇందులో అసలు విషయం. గంటలు తగ్గించి అప్పగింతను గాలికి వదిలేస్తే మాస్టారు భయపడినదే జరుగుతుంది. 2014లో పిల్లల వైద్య విభాగాల్లో, తొమ్మిది ఆసుపత్రులలో, అప్పగింతకు ఒక క్రమం నేర్పి చూశారు: జబ్బు ఎంత తీవ్రం, క్లుప్తంగా కథ, చేయవలసిన పనులు, ఏం జరగవచ్చు, జరిగితే ఏం చేయాలి, చివరగా విన్నవారు తిరిగి చెప్పడం. వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయి. మన యూనిట్లలో అప్పగింత అంటే లిఫ్ట్ దగ్గర ‘ఆరో బెడ్ చూసుకో’ అనడమే.

ఉండి_రైతుబిడ్డ
రోగి తరఫు మాట కూడా ఒకటి ఉండాలి. మూడేళ్ల క్రితం భోగి నాడు బరి దగ్గర కోడి ఎగిరి మా బావగారి తొడ మీద పడింది. కాలికి కట్టిన కత్తి లోతుగా దిగి రక్తం చిమ్మింది. ఆసుపత్రికి తీసుకెళ్తే ఒక కుర్ర డాక్టరు రక్తనాళాన్ని వేలితో నొక్కి పట్టి, అలాగే ట్రాలీతో పాటు థియేటర్ దాకా పరిగెత్తాడు. ప్రాణం నిలిపినది అతనే. మర్నాడు సాయంత్రం అతనే వచ్చి ‘ఎలా తగిలింది?’ అని మూడుసార్లు అడిగితే, మా వాళ్లు ‘ఏమయ్యా, తాగి వచ్చావా’ అని కేకలేశారు. అతను ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఈ చర్చ చదివాక ఆ కేక గుర్తొచ్చి మనసు బాగాలేదు.

హౌస్_సర్జన్_అమ్మాయి
నాకు చిన్నప్పటి నుంచి సర్జరీ అంటే ఇష్టం. ఇంటర్న్‌షిప్‌లో సర్జరీ పోస్టింగ్ చూశాక ఇంట్లోవాళ్లు ‘రేడియాలజీ తీసుకో, డెర్మటాలజీ తీసుకో’ అంటున్నారు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో 36 గంటల డ్యూటీ మధ్యలో సెమినార్ హాల్లో విశ్రాంతి తీసుకుంటున్న పీజీ డాక్టర్‌కు జరిగిన ఘోరం తర్వాత మా నాన్నగారు ఆ మాట ఇంకా గట్టిగా అంటున్నారు. డ్యూటీలో పడుకోవడానికి గడియ ఉన్న గది లేని చోట గంటల గురించి మాత్రమే మాట్లాడితే సరిపోతుందా?

గూడెం_సర్జనమ్మ
సరిపోదు తల్లీ, గది కూడా గంటల లెక్కలో భాగమే. నేను తాడేపల్లిగూడెంలో ప్రాక్టీసు చేస్తున్నాను. పీజీలో ఉండగా ఏడో నెల గర్భంతో నైట్ డ్యూటీలు చేశాను. అప్పుడు నా కో-పీజీ తన ఒక్క ఆదివారాన్ని నాకు ఇచ్చి పడుకోమన్నాడు, ఆ మేలు ఈనాటికీ మరిచిపోలేదు. అలాంటి మంచితనం మీద ఆధారపడి ఏ విభాగమూ నడవకూడదనే ఇది చెబుతున్నాను.

సర్జరీని వదులుకోవద్దు. ఊరికి దూరమని, దగ్గరని చూసి సీటు పెట్టకు. కౌన్సెలింగ్‌కు ముందు ఆ కాలేజీకి వెళ్లి అక్కడి పీజీలను కలిసి అడుగు: యూనిట్‌కు ఎంతమంది పీజీలు, పోస్ట్ డ్యూటీ రోజున ఎన్నింటికి పంపిస్తారు, ఆడ డాక్టర్లకు గడియ పెట్టుకునే డ్యూటీ గది ఉందా, మూడవ సంవత్సరం వారి లాగ్‌బుక్‌లో స్వయంగా చేసిన ఆపరేషన్లు ఎన్ని. నాలుగో జవాబు కోసం లాగ్‌బుక్ తెరిచి చూపించమను. ‘గంటలు ఎక్కువైనా ఇక్కడ బాగా నేర్పుతారు’ అని చెప్పే చోట్ల చాలావాటిలో ఆ పేజీలే ఖాళీగా ఉంటాయి.

పాత_థియేటర్_మాస్టారు
రెండు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను. మత్తు_వైద్యుడు గారు 31వ గంట అని పట్టుకున్నది సరైన చోటే. ఆ కొబ్బరి దింపు మనిషి కేసు మర్నాటి మధ్యాహ్నం నేను ఏం చేశానో గుర్తు తెచ్చుకుందామని చూశాను, ఒక్క ముక్క గుర్తు రాలేదు. రాత్రి పట్టు వదలకూడదన్న నా మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. మర్నాడు రౌండ్లు, అప్పగింత అయ్యాక పంపించేయాలి.

ఇంకొకటి. మా రోజుల్లో డ్యూటీ పొడవు ఇంతే ఉన్నా, ఆ పదిహేను గంటల కాగితాలు లేవు. కేస్ షీట్ రెండు పేజీలు, డిశ్చార్జి ఒక చీటీ. రోగులు కూడా ఇప్పుడున్నంత మంది లేరు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడికి ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది, అది చాలా మంచి మార్పు. దానితో పాటు వచ్చిన రాతపనికి మనుషులను ఇవ్వకుండా పీజీల నెత్తిన పెట్టారు. ‘మేము పడలేదా’ అని మా తరం అనేటప్పుడు ఈ తేడా లెక్కలోకి తీసుకోవడం లేదు. నేనూ అలాగే అన్నాను.

టేమ్స్_నుంచి_గోదారికి
మాస్టారి మాట మీద ఒక లెక్క. యూనిట్‌లో నలుగురు పీజీలు ఉంటే, అడ్మిషన్ డే మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఇద్దరిని పంపి, ఇద్దరిని ఉంచి, వారం వారం వంతు మార్చవచ్చు. ఉండిపోయేవారిని అడ్మిషన్ రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా పడుకోనివ్వాలి. ఇద్దరే పీజీలున్న యూనిట్‌లో ఇది కుదరదు, అక్కడ పీజీ పూర్తిచేసిన సీనియర్ రెసిడెంట్లు, అసిస్టెంట్ ప్రొఫెసర్లు రాత్రి పని పంచుకోవాలి.

కుట్టు_ముడి
పైగా జిల్లా రెసిడెన్సీకి (జిల్లా ఆసుపత్రిలో చేసే శిక్షణకు) మూడు నెలలు ఒకరు వెళ్తే నలుగురు ముగ్గురవుతారు. అది కూడా లెక్కలో వేయండి.

కాలువగట్టు_పీజీ
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ముందుగా, అమ్మకు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, బండి తాళం తీసి బీరువాలో పెట్టింది. ఇప్పుడు బస్సులో వెళ్తున్నాను.

మేము నలుగురం మూడు అడ్మిషన్ డేల లెక్కను, ఎవరి నిమిషం దేనికి పోయిందో వేరు వేరుగా రాసి, రెండు పేజీల పట్టికగా మా యూనిట్ చీఫ్ గారికి ఇచ్చాం. ఫిర్యాదులా కాకుండా లెక్కలా ఇవ్వమని ఇంట్లో మా మామయ్య చెప్పాడు, అది మంచి సలహా. ఆయన మౌనంగా మొత్తం చదివి, ‘శాంపిల్స్ మోయడానికే నాలుగు గంటలా?’ అని ఒకే ప్రశ్న అడిగారు. మర్నాడు తానే ల్యాబ్ దాకా నడిచి వెళ్లి కిటికీ దగ్గర ఎంతసేపు పడుతుందో చూసుకున్నారట.

ఇప్పటికి జరిగినది ఇది. పోస్ట్ డ్యూటీ రోజున ఇద్దరం ఒంటిగంటకు వెళ్లిపోతున్నాం, వెళ్లే ముందు సిస్టర్లతో కలిసి ప్రతి మంచం దగ్గరా అప్పగింత. రాత్రి శాంపిల్స్‌కు ఒక సహాయకుడిని ఇచ్చారు, పగలు ఇంకా మేమే మోస్తున్నాం. పథకం కాగితాలకు ఒక డేటా ఎంట్రీ మనిషి కావాలని చీఫ్ గారు పైకి లేఖ రాశారు, జవాబు రాలేదు. నా వారం లెక్క 95 నుంచి 84కి దిగింది. మొన్న పోస్ట్ డ్యూటీ మధ్యాహ్నం ఇంటికి వెళ్లకుండా నేనే థియేటర్‌లో ఉండిపోయాను, ఎందుకంటే రాత్రి నేను చేర్చిన పేగు పుండు కేసుకు రెండోసారి పొట్ట తెరుస్తున్నారు. ఎవరూ ఉండమనలేదు.

పాత_థియేటర్_మాస్టారు
ఆ పట్టికలో పేర్లు తీసేసి నాకు పంపు బాబూ. నా దగ్గర చదివినవారు ముగ్గురు ఇప్పుడు చీఫ్‌లుగా ఉన్నారు. ముగ్గురికీ నేనే ఫోన్ చేసి చదివి వినిపిస్తాను.

కోనసీమ_తల్లి
మిగిలిన ఇద్దరికీ ఎప్పుడు వంతు వస్తుంది?

కాలువగట్టు_పీజీ
వచ్చే బుధవారం అమ్మా. ఆ వారం నేను ఉండిపోతాను.